లేని గుట్టకు కొలత

ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ వైపు పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నప్పుడు, కొత్త ఫుట్‌పాత్ మీద మూడు రాళ్లు పాతాలని కాలనీ కమిటీ తీర్మానించింది. మామూలు రాళ్లు కావు, మనిషి నడుమెత్తు నల్ల గ్రానైటు పలకలు. ఒకదాని మీద పాత వరద కాలువ గురించి, ఇంకోదాని మీద ఒకప్పుడు ఎడ్లబండ్లు ఆగిన పెద్ద బావి గురించి, మూడోదాని మీద బోడగుట్ట గురించి నాలుగు ముక్కలు చెక్కించాలి. దారిన పోయేవాడు బండి ఆపి చదవాలి. ఇక్కడ ఫ్యాక్టరీల కంటే ముందు కూడా ఏదో ఉండేదని తెలుసుకోవాలి. అంతే ఉద్దేశం.

కాలువ రాయి లేచింది. బావి రాయీ లేచింది. మూడోది మాత్రం రాజారావు ఇంటి గేటు పక్కన గోనెసంచి కప్పుకుని పడుకుంది. దాని మీద ఇలా చెక్కి ఉంది:

"బోడగుట్ట. ఈ బస్సు స్టేజీకి ఆ పేరు ఈ గుట్ట వల్లనే వచ్చింది. కార్తీక పున్నమి నాడు దీని కొసన వెలిగే దీపం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కనిపించేది. ఎత్తు ....... అడుగులు."

తంటా అంతా ఆ చుక్కల దగ్గరే వచ్చింది. గుట్ట ఎత్తెంతో ఎవరికీ తెలియదు. పోనీ కొలుద్దామంటే గుట్ట లేదు.

ఈ రాళ్ల పని మొత్తం నెత్తిన వేసుకున్నది రాజారావే. ఆయనది పాలకొల్లు పక్కన ఓ పల్లె. ఎనిమిదో తరగతి తప్పాక క్రేన్ మీద హెల్పరుగా చేరి, చేయి తిరిగాక ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఆపరేటరు అయ్యాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఓ పాత హైడ్రా కొనుక్కున్నాడు. ముందుకు ఓ కొక్కెం వేలాడేసుకుని సందుల్లో కూడా దూరిపోయే చిన్న క్రేన్ ఉంటుందే, అది. ఎవరికి నీళ్ల ట్యాంకు పైకెక్కించాలన్నా, ఎవరి లారీ గుంటలో దిగబడినా ఆయనకే ఫోను వెళ్తుంది.

ఆయన పుట్టిన ఊళ్లో ఎత్తు అంటే కాలువగట్టు. దాని మీద నిలబడితే ఎటు చూసినా వరిచేలూ కొబ్బరిచెట్లూ, ఒకే మట్టంగా. అలాంటి మనిషి ఉద్యోగానికని ఇక్కడికి వచ్చి, మొదటి ఆదివారం కొత్త పెళ్లాం కమలాకుమారిని వెంటబెట్టుకుని బోడగుట్ట ఎక్కాడు. సగంలో ఆమె చెప్పు తెగింది. వెనక్కి పోదామంటే ఆమే ఒప్పుకోలేదు, రెండో చెప్పు కూడా విసిరేసి ఎక్కేసింది. పైన నిలబడితే చెరువులన్నీ పళ్లేల్లా కనిపించాయి. భూమికి ఇలాంటి వంపులు ఉంటాయని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఊళ్లో ఉన్న తండ్రికి ఉత్తరం రాస్తే సగం ఉత్తరం ఆ గుట్ట గురించే ఉంది.

తర్వాత క్రషర్లు వచ్చాయి. ఏళ్ల తరబడి గుట్టను కొరికి కొరికి తిన్నాయి. కంకరగా మారి కొంత ఫ్యాక్టరీల పునాదుల్లోకి పోయింది, కొంత రోడ్ల కిందికి పోయింది. ఆఖరికి చదునైన నేల మిగిలింది. ఆ నేల నాలుగు చేతులు మారి బద్రీనాథ్ సేటు చేతికి వచ్చింది.

బద్రీనాథ్‌ది బజారులో పప్పుల, ధాన్యాల వ్యాపారం. తాతల కాలంలో ఉత్తరాది నుంచి బండ్లు కట్టుకుని వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. కాలనీ కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. గుట్ట ఉన్న నేల మీద ఆయన ఇప్పుడు ఐదంతస్తుల అపార్టుమెంట్లకు ముగ్గు పోయించాడు. రోడ్డు వైపు పెద్ద బోర్డు పెట్టించాడు, 'స్కై హైట్స్' అని.

కమిటీ మీటింగులో రాజారావు లేచి, ఎత్తు కనుక్కోవడానికి కొన్నాళ్లు టైము కావాలన్నాడు. కొండ గురించి రాయి పాతి ఎత్తు రాయకపోతే మనిషి ఫోటో తీసి తల కత్తిరించినట్టు ఉంటుందన్నాడు. నలుగురూ నవ్వారు. బద్రీనాథ్ నవ్వలేదు.

"ఎత్తు గిత్తు ఎందుకు రావ్ సాబ్? అసలు గుట్ట అని గూడ వద్దు. ఈడ ఒక చిన్న దిబ్బ ఉండె అని చెక్కియ్యుండ్రి, అయిపాయె."

"దిబ్బ కాదండీ సేటుగారూ. నేను ఎక్కాను దాన్ని."

"ఎక్కిండ్రు, దిగిండ్రు. నిన్నగాక మొన్న వచ్చినోళ్లు, మా గుట్ట సంగతి మీకెంత ఎరుక?"

ముప్పై ఏళ్లు దాటిన కాపురం ఆ ఒక్క మాటతో నిన్నగాక మొన్నటిదైపోయింది. కానీ మీటింగులో గొంతు పెంచే అలవాటు రాజారావుకు లేదు. ఎత్తు తేలితే గుట్ట అని ఉంచుతారా అని మాత్రం అడిగాడు. నలుగురూ ఒప్పుకునే అంకె తెస్తే ఉంచుతామని బద్రీనాథ్ అన్నాడు. అయితే గురువారం పొద్దున ఫుట్‌పాత్‌కు కాంక్రీటు పోస్తారు. పోశాక మళ్లీ పగలగొట్టనివ్వనని కాంట్రాక్టరు ముందే చెప్పాడు. ఆ లోపల అంకె రాకపోతే రాయి తిప్పి, వెనక వైపు దిబ్బ అని చెక్కించి పాతాలి. కమిటీ తలూపింది.

అది శుక్రవారం.

శని, ఆదివారాలు రాజారావు మగవాళ్ల వెంట తిరిగాడు. స్టేజీ దగ్గర హోటల్లో కూర్చునే పెంటయ్య చిన్నప్పుడు గుట్ట మీద మేకలు కాసినవాడు. అడిగితే, రెండు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత అన్నాడు. పక్కనున్నాయన నాలుగు తాటిచెట్లన్నాడు. ఎంతెత్తు చెట్లని మూడో ఆయన అడిగాడు. ఇద్దరూ చేతులు పైకెత్తి చూపించారు, ఆ చేతులు ఒకరి ముఖం మీదికి ఒకరివి పోయాయి, హోటలాయన వచ్చి మధ్యలో టీ గ్లాసులు పెట్టాల్సి వచ్చింది. క్రషర్‌లో పని చేసిన ఒకాయన మూడొందల అడుగులని బల్ల గుద్ది చెప్పాడు. ఎలా తెలుసంటే, అలసట బట్టి తెలుసన్నాడు. కుర్రాళ్లు ఫోన్లలో వెతికారు. ఫోన్లో అక్కడ చదునైన నేల, దాని మీద స్కై హైట్స్ బొమ్మ కనిపించాయి.

ఆదివారం సాయంత్రం రాజారావు ఇంటికి వచ్చి గేటు పక్కన గోనెసంచి తీసి, ఆ చుక్కల వంక చూస్తూ నిలబడ్డాడు. కమలాకుమారి బియ్యం ఏరుతూ వరండాలో కూర్చుని ఉంది. ఎవరెవరిని అడిగారని అడిగింది. చెప్పాడు.

"అందరూ మగాళ్లేనా?" అంది.

"ఎక్కింది వాళ్లేగా."

"ఎక్కినోళ్లకి కాళ్ల కింద రాళ్లు తెలుస్తాయి గానీ ఎత్తెలా తెలుస్తుందండీ? కింద నుంచి చూసినోళ్లని అడగండి. కార్తీక పున్నమికి ఇక్కడ ఆడాళ్లు పొద్దస్తమానం ఉపవాసం ఉండి, గుట్ట మీద దీపం కనపడ్డాకే ఎంగిలిపడేవాళ్లు. మనం వచ్చిన కొత్తలో నేనూ ఉన్నాను. ఆకలేస్తుంటే కళ్లు ఎక్కడికి పోతాయి? దీపం వచ్చే చోటికే పోతాయి."

నీకు గుర్తుందా మరి అని రాజారావు అడిగాడు. తాము అప్పుడు ఉన్న అద్దె ఇల్లే కూల్చేశారు, ఎక్కడ నిలబడి చూడమంటారు అని ఆమె ఎదురడిగింది. చిట్కుల్ ముత్యమ్మ దగ్గరకు వెళ్లమంది. గుట్ట మీద దీపం పెట్టే వంతు ముత్యమ్మ అత్తగారింటిది. మొగుడూ మరిదీ నూనె డబ్బా మోసుకుని పైకి పోతే, ఆమె ఇంటి గడప మీద కూర్చుని దీపం కోసం చూసేది. ఆ ఇల్లు ఇంకా ఉంది, ఆ గడపా ఉంది.

ముత్యమ్మ డెబ్బై దాటిన మనిషి. మాట మాత్రం గంటలా ఉంటుంది. మర్నాడు పొద్దున్నే రాజారావు వెళ్లి, వచ్చిన సంగతి చెప్పగానే, అడుగులు గిడుగులు తనకు తెలియవని మొదటే తెగేసి చెప్పింది. తర్వాత గడప మీద కూర్చుని, ఎదురింటి గూనపెంకుల కప్పు వైపు చెయ్యి చూపించింది.

"గా కప్పు కొస ఉన్నది సూడు సారు. ఎడమ దిక్కు కొస. దాని మీద జానెడు ఎత్తున కనపడుతుండె. జానెడంటే నా జానెడు, నీది గాదు. గిన్ని అడుగులని నేనెట్ల జెప్త? నువ్వు దీపం సూపియ్యి, ఏడ ఆగాల్నో జెప్త."

"ఇన్నేళ్లయింది కదమ్మా, అంత ఖాయంగా గుర్తుందా?"

"కడుపుల మండంగ సూసిన జాగ యాది మరుస్తమా?"

ఇంటికి వెళ్లేలోపే రాజారావుకు ఏం చెయ్యాలో తెలిసిపోయింది. గుట్ట లేకపోతేనేం, దీపాన్ని గుట్ట ఎత్తుకు తీసుకెళ్లాలి. ముత్యమ్మ ఆగమన్న చోట ఆపి, అక్కణ్ణుంచి కిందికి తాడు వదిలి కొలవాలి. ఎత్తడం ఆయన జన్మంతా చేసిన పని.

సోమవారం పొద్దుగూకే వేళ హైడ్రాను స్టేజీ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టాడు. ముత్యమ్మ బల్బు పెడితే చూడనంది. తెల్ల వెలుగైతే దీపమో సెల్ టవరో తనకెట్లా తెలుస్తుందని అడిగింది. అందుకని ఇనప బకెట్టులో పాత గుడ్డల వత్తి, నూనె పోసి, గాలి తగలకుండా చుట్టూ రేకు కట్టి కొక్కేనికి తగిలించాడు. ముత్యమ్మ పక్కన గడప మీద కమలాకుమారి ఫోను పట్టుకుని కూర్చుంది. దీపం లేచింది. ఫోనులో ముత్యమ్మ గొంతు: అసలు కనపడనే లేదు. ఇంకొంచెం లేపాడు. కనపడలేదు. బూమ్‌ను, అంటే క్రేన్ పొడుగు చేతిని, మొత్తం చాచాడు. ఇంజను మూలుగుతోంది. ఏదో మెరిసినట్టుంది గానీ కప్పు కిందే ఉంది అంది ముత్యమ్మ. ఇంక ఒక్క అడుగు కూడా లేపడానికి లేదు.

హోటల్ ముందు గుమిగూడినవాళ్లు ఈలలు వేశారు. రాజారావు సారు ఆకాశానికి మంగళహారతి ఇస్తున్నాడని ఒకడన్నాడు. బద్రీనాథ్ కారు ఆపి, అద్దం దించి చూసి వెళ్లిపోయాడు. రాజారావు దీపం దించి, ఆర్పి, బకెట్టు చల్లారేదాకా ఆగి ఇంటికి పోయాడు.

ఆయనకు సిగ్గేమీ అనిపించలేదు. నిజానికి కొంచెం సంతోషమే వేసింది. హైడ్రా పూర్తిగా చాచినా కప్పు దాటలేదంటే, ఇక అది దిబ్బ ఎలా అవుతుంది?

మంగళవారం పొద్దున్నే మహేష్‌కు ఫోన్ చేశాడు. మహేష్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు పెద్ద టెలిస్కోపు క్రేన్ నడుపుతున్నాడు, దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో షెడ్డు పని మీద ఉన్నాడు.

"ఉస్తాద్, మీరు అడిగితే కాదంటనా? గానీ ఓనరుకు చెప్పాలె. బుధవారం సాయంత్రం బండి యార్డుకు వాపస్ పోతది, మీ రోడ్డు మీదినుంచే. దారిల ఒక గంట ఆపుత. గంటే. అంతకంటె నాతోని గాదు."

గంట చాలన్నాడు రాజారావు.

ఇక్కడ ఇంకో సంగతి తేలాలి. ముత్యమ్మ ఒక్కతే చెబితే కమిటీ ఒప్పుకోదు, దీపం పెట్టినవాళ్లే ఎక్కువ చెప్పుకుంటారు కదా అంటుంది. రెండో వైపు నుంచి ఇంకో మనిషి కావాలి. అది కమలాకుమారే చూసుకుంది. సరాసరి బద్రీనాథ్ ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ అరుణాదేవి దగ్గర కూర్చుంది. అరుణాదేవి మెట్లు దిగడం మానేసి చాలాకాలమైంది, కొట్టు పైనున్న పాత ఇంట్లోనే ఉంటుంది. ఆమె కోడలు పూజ టీ ఇచ్చి, తనూ పక్కన కూర్చుంది. గుట్ట దీపం మాట ఎత్తగానే పెద్దావిడ లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెనక గదిలో కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. ఆ కిటికీకి ఇనప జాలీ, జాలీలో పువ్వులు. మధ్య పువ్వు పై రేకు మీద వేలు పెట్టింది. కొత్త కోడలుగా వచ్చిన ఏడాది నుంచి ఆ దీపం అక్కడే చూశానంది. బుధవారం ఆ కిటికీ దగ్గరే కూర్చుంటానని మాటిచ్చింది. కొడుకుకు చెప్పలేదు, కొడుకు అడగలేదు.

బుధవారం సాయంత్రం మహేష్ క్రేన్ వచ్చి స్టేజీ దగ్గర ఆగేసరికి రోడ్డు సగం నిండిపోయింది. సోమవారం నవ్వినవాళ్లందరూ ఉన్నారు, ఈసారి ఇళ్లల్లోవాళ్లను కూడా తీసుకొచ్చారు. కమలాకుమారి ముత్యమ్మ గడప దగ్గర, పూజ అత్తగారి కిటికీ దగ్గర, రెండు ఫోన్లూ రాజారావు చేతుల్లో. బకెట్టు దీపం లేచింది. హైడ్రా ఆగిన ఎత్తు దాటింది, ఇంకా పోయింది.

కప్పు పైకి వచ్చిందని ముత్యమ్మ చెప్పింది. కానీ వెంటనే, ఇది కాదంది.

"కుడి దిక్కుకు ఉన్నది సారు. ఎడమ కొస మీద రావాలె గద. గుట్ట ఆడ లేకుండె. ఇంక లోపటికి ఉండె."

రెండో ఫోనులో అరుణాదేవి కూడా అదే అంది, ఆమె కిటికీలో దీపం పువ్వు అంచులోకే రావడం లేదు. రాజారావు ఇద్దరి మాటా కలిపి చూసుకున్నాడు. చేత్తో గాలిలో ఒక గీత అటు నుంచి, ఒక గీత ఇటు నుంచి గీశాడు. రెండూ కలిసే చోటు రోడ్డు మీద లేదు. రేకుల గోడ అవతల ఉంది. స్కై హైట్స్ నేల మధ్యలో.

బద్రీనాథ్ గేటు ముందే నిలబడి ఉన్నాడు. రాజారావు వెళ్లి, క్రేన్ లోపలికి తేనివ్వమని అడిగాడు. సేటు తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యాల దీపం అంటరు. రేపు పసుపు కుంకుమ పెడ్తరు. ఎల్లుండికి ఒక రేకుల షెడ్డు లేస్తది. గుడి పక్కన గొడవలున్న ప్లాటు ఎవడు కొంటడు రావ్ సాబ్? నేను దుష్మన్‌ను గాను. నా ఇల్లు గూడ సూసుకోవాలె గద."

అది అన్యాయమైన మాట కాదు. అలా లేచిన షెడ్లు ఈ చుట్టుపక్కల రాజారావుకే నాలుగు తెలుసు. మహేష్ క్రేన్‌లోంచి చేతి గడియారం చూపిస్తున్నాడు. అప్పుడు ఆయన చేతిలోని ఫోన్లోంచే ముత్యమ్మ మాట్లాడింది. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"సేటూ, ఇను. మేము గుట్ట మీద దీపం పెట్టేటోళ్లం. గుట్టే పోయినంక, బోడ జాగల దీపం పెట్టి నేనేం జేస్త? నాకు నీ జాగ ఒద్దు. గజం గూడ ఒద్దు. గుట్ట ఎంతుండెనో రాయి మీద ఉండాలె, గంతే. ఇంకోటి ఇను. మీరిద్దరు బయటి ఊళ్లకెళ్లి వచ్చినోళ్లే. ఒకలు రైలుల వచ్చిండ్రు, ఒకలు బండి మీద వచ్చిండ్రు. మా గుట్ట కోసం మీరెందుకయ్యా కొట్లాడుడు?"

గేటు దగ్గర నవ్వులు లేచాయి. బద్రీనాథ్ ముఖంలో కూడా ఏదో వదులైంది, కానీ తాళం మీది చెయ్యి తీయలేదు. రెండో ఫోను రాజారావు ఆయన చేతికి ఇచ్చాడు. మీ అమ్మగారు లైన్లో ఉన్నారన్నాడు.

సేటు ఉలిక్కిపడ్డాడు. తల్లి ఇందులో ఉన్నట్టు ఆయనకు తెలియదు. ఫోను చెవికి పెట్టుకుని పక్కకు తిరిగాడు. ఆవిడ ఏమందో అక్కడ ఎవరికీ సరిగా వినపడలేదు. పూజ తర్వాత చెప్పింది: "నువ్వు కడుపుల ఉన్నప్పుడు గూడ ఆ దీపం సూసినంకనే నీళ్లు తాగిన బేటా. అది దిబ్బ మీద దీపమా? గేటు తియ్యి," అన్నదట.

బద్రీనాథ్ గేటు తీశాడు.

ఆ వారమే పడ్డ వానకు లోపల నేల మెత్తగా ఉంది. క్రేన్ నిలబడాలంటే నాలుగు వైపులా కాళ్లు చాచి నేలకు ఆనించాలి. ఆ కాళ్లు కుంగితే బండి ఒరిగిపోతుంది. మహేష్ దిగి మట్టిని కాలితో నొక్కి చూసి, వద్దు ఉస్తాద్ అన్నాడు. రాజారావు అటూ ఇటూ చూశాడు. దుంగలు కావాలి, మందపాటివి. అడక్కముందే బద్రీనాథ్ ఫోన్ తీసి తన గోదాము హమాలీలకు చెప్పాడు. బస్తాల కింద వేసే చెక్క దుంగలు ఆటో ట్రాలీలో వచ్చాయి. రాజారావు మోకాళ్ల మీద కూర్చుని వాటిని తన చేత్తోనే అమర్చాడు. ఒకటి సరిగా ఆనలేదని తీయించి, మళ్లీ వేయించాడు. గంట ఎప్పుడో దాటిపోయింది. మహేష్ గడియారం చూడ్డం మానేశాడు.

చీకటి పడుతోంది. దీపం మళ్లీ లేచింది. ఈసారి రాజారావు క్రేన్ పక్కనే నిలబడి మహేష్‌కు చేత్తో సైగలు చేస్తున్నాడు, రెండు ఫోన్లూ జేబులో, రెండూ లైన్లో, ఒక్కో చెవిలో ఒక్కో ఫోను ఇయర్‌ఫోను.

కప్పు ఎడమ కొస మీదికి వచ్చింది అంది ముత్యమ్మ. ఇంకా పైకి. ఇంక జెర. రెండో చెవిలో అరుణాదేవి ఊపిరి వినిపిస్తోంది. రాజారావు బొటనవేలు పైకి చూపిస్తూనే ఉన్నాడు. క్రేన్ ఇనప తాడు బిగిసి, బూమ్ సన్నగా కిర్రుమంటోంది.

"ఆగు," అంది ముత్యమ్మ.

"బస్. ఆగమనుండ్రి," అంది రెండో ఫోన్లో అరుణాదేవి.

ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినే వీలు లేదు. ఒకరు చిట్కుల్ గడప మీద ఉన్నారు, ఒకరు బజారులో కిటికీ దగ్గర ఉన్నారు. రెండు మాటలూ దాదాపు ఒకేసారి వచ్చాయి. రాజారావు పిడికిలి బిగించాడు. బకెట్టు ఆగింది.

బకెట్టు అడుగున కట్టి కిందికి వదిలిన తాడు నేలకు తాకిన చోట గుర్తు పెట్టుకున్నారు. దీపం దించుదామని మహేష్ చెయ్యి కదిపాడు. అంతలో ఫోన్లో కమలాకుమారి గొంతు వచ్చింది.

"ఏమండీ, దించకండి. ఇక్కడ గల్లీలో ఆడాళ్లందరూ బయటికొచ్చారు. ముత్యమ్మగారు లేచి నిలబడింది. కాసేపు ఉంచండి."

రాజారావు మహేష్ వైపు చూశాడు. మహేష్ ఇంజను ఆపేసి, బూమ్‌కు లాక్ వేసి, క్యాబిన్ లోంచి దిగొచ్చి పక్కన నిలబడ్డాడు. కార్తీకం ఇంకా రాలేదు, పున్నమి కూడా కాదు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. బద్రీనాథ్ తల పూర్తిగా వెనక్కి వంచి చూస్తున్నాడు. టోపీ జారితే చేత్తో పట్టుకున్నాడు. కొంచెంసేపటికి, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"మా బిల్డింగు గూడ అంత ఎత్తు గాదు గదా."

తర్వాత దీపం దించి, క్రేన్ లైట్ల వెలుతురులో తాడును నేల మీద పరిచి టేపుతో కొలిచారు. నూట పద్దెనిమిది అడుగులు. పెంటయ్య వచ్చి, తను చెప్పినట్టే అయిందన్నాడు. నాలుగు తాటిచెట్లన్నాయన కూడా అదే అన్నాడు. ఈసారి గ్లాసులు అడ్డం పెట్టాల్సిన అవసరం రాలేదు, ఇద్దరూ నవ్వుకున్నారు.

గురువారం తెల్లవారకముందే రాళ్లు చెక్కే అంజయ్య వచ్చి, రాజారావు గేటు పక్కనే కూర్చుని చుక్కల చోట అంకె చెక్కడం మొదలెట్టాడు. సుత్తి చప్పుడుకు వీధి లేచింది. బద్రీనాథ్ లుంగీ మీదే స్కూటరెక్కి వచ్చి దగ్గరగా వంగి చూశాడు. అంకె మీద వేలితో రాసి, ఇంకా లోతుగా చెక్కమన్నాడు. ఎండకూ వానకూ అరిగిపోతే మళ్లీ క్రేన్ ఎవరు తెస్తారన్నాడు. అంజయ్య, తన పనిలో వేలు పెట్టినందుకు విసుక్కుంటూనే, ఉలి మళ్లీ ఆనించాడు.

కాంక్రీటు మిక్సరు వచ్చేసరికి రాయి గుంటలో నిలబడి ఉంది. ఏ వైపుకు తిప్పాలన్న దగ్గర కొంచెం వాదన జరిగింది. రోడ్డు వైపే ఉండాలని అందరూ అన్నారు. రాజారావు మాత్రం కొంచెం వాలుగా తిప్పమన్నాడు. చదివేవాడు తలెత్తితే గుట్ట ఉన్న దిక్కు కళ్ల ముందుండాలి, లేకపోతే వెనక్కి తిరిగి చూడాల్సి వస్తుందన్నాడు. కాంట్రాక్టరు గొణిగాడు. బద్రీనాథ్ తిప్పమని చెప్పాడు.

గుంట చుట్టూ కాంక్రీటు పోశారు. కూలీ కర్రతో కుక్కుతుంటే రాయి ఒక పక్కకు కాస్త ఒరిగింది. రాజారావు చెప్పులు విడిచి, పాంటు మోకాళ్ల దాకా మడుచుకుని అంచున కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. నిటారుగా ఉందో లేదో చూసే రసమట్టం తెప్పించి పెట్టి చూశాడు, మళ్లీ జరిపాడు, మళ్లీ చూశాడు. ఇక వదలండి, కర్రలు ఆనిస్తామని కూలీలు అన్నారు. కర్రలు ఆనించమన్నాడు గానీ చేతులు తీయలేదు. కమలాకుమారి ఇంటి నుంచి టీ పంపింది. ఆయన తాగడానికి చెయ్యి ఖాళీ లేకపోతే మహేష్ గ్లాసు నోటి దగ్గర పెట్టాడు.

రోడ్డు మీద షిఫ్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, ఈ రాయి ఏంటి సార్ అని అరిచాడు.

"గుట్ట," అన్నాడు రాజారావు, చేతులు రాయి మీదే ఉంచి.